ఒక్కడి ఉమ్మి, ఇంటిల్లిపాది గుట్టు

2025 మార్చి చివర్లో ఒకరోజు పొద్దున్నే, న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య, అంటే మా పెదనాన్న కొడుకు, ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ‘ట్వంటీత్రీ అండ్ మీ’ అనే జన్యు పరీక్షల కంపెనీ దివాలా పిటిషన్ వేసిందట, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ జనాన్ని తమ డేటా తీసేయించుకోమని చెప్తున్నాడట, తనూ ఇప్పుడే అకౌంట్ డిలీట్ చేశాడట. తను అలాంటి కిట్టు ఒకటి కొన్నాడనీ, గొట్టంలో ఉమ్మి నింపి పోస్టులో పంపాడనీ అప్పటిదాకా మాకెవరికీ తెలీదు. మా బాబాయి ఊరుకోడు కదా, “మన గోత్రమేదో నన్నడిగితే ఊరికే చెప్పేవాణ్ణి, దానికి వంద డాలర్లు తగలెయ్యాలట్రా?” అని రాశాడు. గ్రూపంతా నవ్వు బొమ్మలే.

నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను గానీ, బస్సెక్కాక కూడా ఆ మెసేజే బుర్రలో తిరిగింది. అన్నయ్య పంపిన ఉమ్మిలో అన్నయ్య ఒక్కడే లేడు. తనకీ నాకూ డీఎన్ఏ దాదాపు ఎనిమిదో వంతు ఒకటే, తనకీ బాబాయికీ పావు వంతు. మా నాయనమ్మ పోయి ఇరవై ఏళ్లయింది, జన్మలో విమానం ఎక్కని మనిషి, ఆవిడ కూడా కొంత ఆ గొట్టంలో చేరి అమెరికా ల్యాబుకు వెళ్లింది. సంతకం మాత్రం ఒక్కటే ఉంది.

ఈ విషయం మీద రాసేవాళ్లు ఎక్కువమంది “నీ ఒళ్లు, నీ ఇష్టం, చదివి సంతకం పెట్టు” దగ్గర ఆగిపోతారు. ఆ లెక్క డీఎన్ఏకి సరిపోదని నాకనిపిస్తోంది. పొలం ఉమ్మడి ఆస్తి అయితే ఒక్క అన్న సంతకంతో అమ్మలేం కదా, మరి ఇదీ ఉమ్మడిదే. అలాగని చుట్టాలందరి దగ్గరా సంతకాలు పెట్టించుకోవడం అయ్యే పని కాదు. అందుకే చట్టం బిగించాల్సింది నమూనా తీసుకుని దాచుకునేవాళ్ల చేతుల్ని, వాళ్లు కంపెనీవాళ్లయినా, ఆసుపత్రివాళ్లయినా, పోలీసులయినా. ఈ మాట చెప్పడం తేలికే. దీనికి ఎన్ని అడ్డుప్రశ్నలు వస్తాయో నాకు మా ఇంట్లోనే తెలిసింది.

కులం అడిగిన మత్తు డాక్టరు

1994లో మా పెదనాన్నకి అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. చిన్న నర్సింగ్ హోమ్. అరగంటలో అయిపోతుందన్నారు, అయిపోయింది కూడా, కానీ మనిషికి ఊపిరి తిరిగి రాలేదు. గుండె కొట్టుకుంటోంది, ఒంట్లో ఏ కండరం కదలడం లేదు. మత్తు డాక్టరూ కాంపౌండరూ వంతులేసుకుని కొన్ని గంటలపాటు చేత్తో గాలిసంచి నొక్కుతూ కూర్చున్నారు. సాయంత్రానికి ఆయనంతట ఆయనే ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాక, ఆ డాక్టరు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి మా పెద్దమ్మని అడిగిన మొదటి ప్రశ్న, “మీరు కోమట్లా అమ్మా?”

పెద్దమ్మకి ఒళ్లు మండిపోయింది. తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుంది, సక్సినైల్‌కోలిన్, వాళ్ల భాషలో స్కోలిన్. మామూలుగా రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో కరిగించేస్తుంది. ఆ ఎంజైము సరిగ్గా లేనివాళ్లు మిగతా జనంలో చాలా అరుదు, వైశ్యుల్లో మాత్రం అంత అరుదు కాదు. ఆయన ఒక కాగితం మీద ఆ మందు పేరు రాసి “ఇది మీ ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి” అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ పెద్దమ్మ బీరువాలో ఎల్ఐసీ బాండ్ల పక్కన ప్లాస్టిక్ కవర్లో ఉంది. అప్పట్నుంచీ మా ఇళ్లలో ఎవరికి ఆపరేషన్ అన్నా పేరు చెప్పేముందు “స్కోలిన్ వద్దండి” అని చెప్తాం.

2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి నేచర్ పత్రికలో వేసిన అధ్యయనం గురించి చదివినప్పుడు నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది. వైశ్యుల్లాంటి కులాలు బయటివాళ్లని దాదాపు కలుపుకోకుండా రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని వాళ్లు జన్యువుల్లోంచే లెక్క తీశారు. నూట రెండు గోత్రాలు దాటకుండా సంబంధాలు వెతికే మా పెద్దవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు, కాకపోతే అది రక్తంలో కూడా రాసి ఉందని సైన్స్ చెప్పింది.

కాబట్టి నాకు జన్యు పరీక్ష అంటే వ్యతిరేకత లేదు. ఒక్క పెదనాన్న ఒంట్లోంచి బయటపడిన సంగతి మా కుటుంబంలో ఎంతమంది ప్రాణాలు కాపాడిందో నాకు తెలీదు, కాపాడి ఉండొచ్చు. సమాచారం అందరికీ చెందడం అనేది ఇక్కడ మంచే చేసింది. కానీ అదే కథలో రెండో సంగతి కూడా ఉంది: మన దేశంలో డీఎన్ఏ, కులం ఒకదానికొకటి ఎంత అల్లుకుపోయాయంటే, డాక్టరు ఒకటి చూసి రెండోది అడిగాడు. డాక్టరు అడిగితే మంచికే. ఇంకెవరైనా అడిగితే?

14 వేల అకౌంట్లు, 69 లక్షల మనుషులు

దివాలాకి ముందే, 2023లో, ఆ కంపెనీ మీద హ్యాకర్లు పడ్డారు. వాళ్లు పాత పాస్‌వర్డులతో నేరుగా తలుపు తీసుకుని దూరింది సుమారు 14 వేల అకౌంట్లలోకి. సమాచారం బయటికి పోయింది మాత్రం 69 లక్షల మందిది. ఎలాగంటే అందులో దూరపు బంధువుల్ని చూపించే సదుపాయం ఒకటుంది, ఒక్క ఇంట్లోకి దూరితే వీధి వీధంతా కనపడుతుంది. పాస్‌వర్డులు మళ్లీ మళ్లీ వాడారని కంపెనీ వినియోగదారుల్నే తప్పుపట్టింది. సరే, 14 వేల మంది అజాగ్రత్త అనుకుందాం. మిగతా 68 లక్షల పైచిలుకు ఏం తప్పు చేశారు? బంధువులుగా పుట్టారు. ఇంకో సంగతి, దొంగలు ఆ సరుకుని అమ్మకానికి పెట్టినప్పుడు యూదు మూలాలవాళ్ల జాబితా, చైనా మూలాలవాళ్ల జాబితా అని వంశాల వారీగా మూటలు కట్టి పెట్టారు. ఆ వార్త చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ చుట్టరికం దారిలోనే 2018 ఏప్రిల్లో కాలిఫోర్నియా పోలీసులు గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే హంతకుణ్ణి పట్టుకున్నారు. డెబ్బైల్లో, ఎనభైల్లో పదుల కొద్దీ అత్యాచారాలు, డజనుకు పైగా హత్యలు చేసి మాయమైన మనిషి. వాడి దూరపు బంధువులెవరో సరదాకి తమ డీఎన్ఏని జీఈడీమ్యాచ్ అనే వెబ్‌సైట్లో పెట్టుకున్నారు, పోలీసులు ఆ తీగ లాగి వంశవృక్షం గీసి డొంక దాకా వెళ్లారు. జోసెఫ్ డీఏంజెలో, మాజీ పోలీసే. ఆ అరెస్టు చూసి సంతోషించనివాళ్లు ఉండరు. నేనూ సంతోషించాను. అందుకే దీని మీద రాయడం కష్టం.

ఇదే పద్ధతి ఇక్కడ పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. అక్కడ మూడో తరం కజిన్ అంటే నిజంగా ఒకే దారిలో మూడో తరం కజిన్. మా ఇళ్లలో మేనరికాలు, ఎదురు మేనరికాలు, ఒకే ఊళ్లో నాలుగు తరాల సంబంధాలు. మా అత్తయ్య నాకు ఎన్ని రకాలుగా చుట్టమో లెక్కపెట్టాలంటే పెళ్లి భోజనాల పంక్తిలో గంట పడుతుంది. ఇలాంటి జనంలో ఇద్దరి డీఎన్ఏ కలిసే పాలు వాళ్ల అసలు దూరం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దగ్గరి చుట్టం అనుకున్నవాడు పక్క జిల్లాలో ఉండే సొంత కులంవాడు, అంతే అవ్వచ్చు. అంటే వేలు ఒక మనిషి వైపు కాకుండా ఒక కులం వైపు చూపిస్తుంది. మా కులం వైపు చూపిస్తే పేపర్లో ఒక జోక్ వస్తుందేమో. స్టువర్టుపురం వైపు చూపిస్తే?

గవర్నరుగారి రక్తం

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు వినగానే మనవాళ్లకి ఏం గుర్తొస్తుందో నేను రాయక్కర్లేదు, అదే సమస్య. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్లని కులమంతా ఒకే ఖాతాలో రాసి, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటితే చెప్పి వెళ్లేలా కట్టడి చేశారు. ఏ నేరమూ చెయ్యని పిల్లవాడు కూడా పుట్టుకతో రిజిస్టరులో ఉండేవాడు. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటింది, ఊరి పేరు మాత్రం ఇంకా వదల్లేదు. 2018 జనవరిలో తెలంగాణ పోలీసులు సకల నేరస్థుల సర్వే అని ఇంటింటికీ వెళ్లి పాత నేరస్థుల వివరాలు, ఫోటోలు తీసుకుని ఇళ్ల లొకేషన్లు కూడా గుర్తు పెట్టుకున్నారు. గోడ అవతలివాళ్లకి అప్పటిదాకా తెలియని సంగతి ఆ రోజు తెలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు డీఎన్ఏ. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం 1920 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. అందులో డీఎన్ఏ అనే మాట పేరుపెట్టి రాయలేదు, “జీవ నమూనాలు, వాటి విశ్లేషణ” అని రాశారు. ఆ మాటలో ఏదైనా పడుతుంది. రికార్డు జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ దగ్గర 75 ఏళ్లు ఉంటుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టయినవాళ్లు, అది ఆడవాళ్ల మీదో పిల్లల మీదో జరిగిన నేరం కాకపోతే, జీవ నమూనా ఇవ్వకపోవచ్చు అని మినహాయింపు ఉంది. మంచిదే. కానీ అర్ధరాత్రి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్న కూలీకి ఎస్సై ఆ మినహాయింపు చదివి వినిపిస్తాడని మీరు నమ్మితే నేను మీతో వాదించను.

దీన్ని ఎన్.డి. తివారీగారి కేసు పక్కన పెట్టి చూడండి. ఆయన 2009 డిసెంబరు దాకా మన గవర్నరు. నీ కన్నకొడుకుని నేను అని రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకెళ్లాడు. రక్తం ఇమ్మని కోర్టు చెప్తే ఆయన ఇవ్వనన్నాడు, అప్పీళ్లు చేశాడు, సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. చివరికి 2012 మే 29న డెహ్రాడూన్‌లో ఆయన ఇంట్లోనే రక్తం తీసి మన హైదరాబాద్‌లోని డీఎన్ఏ ల్యాబు సీడీఎఫ్‌డీకి పంపితే, జూలై 27న కోర్టులో కవరు విప్పారు. తండ్రి ఆయనే. కొడుకు గెలవడం న్యాయమే అని నా అభిప్రాయం. కానీ ఒక మనిషి రక్తపు చుక్క తియ్యడానికి ముందు ఎంత వాదన జరిగిందో చూడండి: అవసరమా, వేరే దారి లేదా, గోప్యత సంగతేంటి. పితృత్వం కేసుల్లో ఇప్పటికీ కోర్టులు ఆచితూచే ఆదేశిస్తాయి, 2023లో సుప్రీం కోర్టు పిల్లల గోప్యత గురించి గట్టిగానే చెప్పింది. పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇచ్చిన ఆ ఓపిక స్టేషన్లో ఉన్నవాడికి ఎందుకు లేదు?

నిర్దోషిగా తేలితే రికార్డు చెరిపేస్తారు కదా అంటారు. చట్టంలో ఉంది, అప్పీళ్లన్నీ అయిపోయాక, మేజిస్ట్రేటు వద్దనకపోతే. 2007లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన హత్య కేసు గుర్తుంది కదా. 2008లో పట్టుకున్న కుర్రాడికి 2010లో శిక్ష పడింది, హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది 2017లో. మన దగ్గర అప్పీళ్లు అయిపోవడం అంటే అదీ. ఇంగ్లండులో కూడా ఇలాగే అమాయకుల ప్రొఫైళ్లు, అంటే డీఎన్ఏ నుంచి తీసిన అంకెల వరసలు, దాచుకుంటే 2008లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తప్పని చెప్పింది, తర్వాత కొత్త చట్టం తెచ్చి 17 లక్షలకు పైగా ప్రొఫైళ్లు తీసేశారు. తీసేస్తే ఆకాశం విరిగి మీద పడలేదు.

నేను తడబడే చోటు

ఇంత రాశాక పాశమైలారం గురించి రాయకపోతే అది మోసం అవుతుంది. 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలినప్పుడు శవాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీల తల్లులూ తమ్ముళ్లూ రక్తం ఇచ్చి ఆసుపత్రి బయట రోజుల తరబడి కూర్చున్నారు. ల్యాబు చెప్తేనే ఎవరి మనిషిని వాళ్లకి అప్పగించారు. ఎనిమిది మందికి అదీ దక్కలేదు, డీఎన్ఏ తీయడానికి కూడా ఏమీ మిగల్లేదు. 2013లో పాలెం దగ్గర కాలిపోయిన వోల్వో బస్సులో పోయిన 45 మందిలో చాలామందికీ ఇదే దారి. ఆ బెంచీల మీద కూర్చున్న తల్లి దగ్గరికెళ్లి “అమ్మా, గోప్యత” అని నేను అనలేను. అసలు ప్రపంచంలో డీఎన్ఏని మొదటిసారి నేర పరిశోధనలో వాడింది ఇంగ్లండులో 1986లో, అది ముందు చేసిన పని నేరం ఒప్పేసుకున్న ఒక 17 ఏళ్ల కుర్రాడు నిర్దోషి అని చెప్పడం. పోలీసుల దెబ్బలకి ఒప్పుకోళ్లు వచ్చే మన దేశంలో అంతకన్నా పేదవాడి పక్షం వహించే సాధనం ఏముంటుంది?

అందుకే నా అభ్యంతరం పరీక్ష మీద కాదు, పరీక్ష అయ్యాక ఏమవుతుందన్న దాని మీద. కొడుకు శవం కోసం ఒడిశా తల్లి ఇచ్చిన రక్తం ఆ శవం దొరికిన రోజుతో పని అయిపోవాలి. ఆమె చిన్నకొడుకు రేపు ఏదో దొంగతనంలో అనుమానితుడైతే ఆ రక్తాన్ని బయటికి తియ్యకూడదు. ఇది నా ఊహ అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో జిల్లా అటార్నీ బయటపెట్టాడు, అత్యాచారానికి గురైన ఒకామె సాక్ష్యం కోసం ఇచ్చిన డీఎన్ఏని పోలీసులు దాచుకుని, ఏళ్ల తర్వాత ఆమెనే ఒక దొంగతనం కేసులో పట్టుకోవడానికి వాడారని. ఆ కేసు వదిలేశారు. తర్వాత కాలిఫోర్నియా అలా వాడడాన్ని నిషేధించింది. ఆమెకి జరిగింది తెలిసిన ఇంకో ఆడమనిషి ఫిర్యాదు చెయ్యడానికి వస్తుందా?

మా ఆఫీసులో ఒకాయన, నాకన్నా పెద్దాయన, దీనికి విరుగుడు చెప్పాడు: “అందరిదీ తీసుకుంటే సరి కదా, అప్పుడు కులమూ లేదు వివక్షా లేదు.” వినడానికి బాగానే ఉంది. కువైట్ సరిగ్గా అదే చేసింది. 2015 జూన్‌లో మసీదులో బాంబు పేలాక, దేశ పౌరులు, విదేశీ కార్మికులు, చూడ్డానికి వచ్చినవాళ్లతో సహా అందరూ డీఎన్ఏ ఇవ్వాలని చట్టం తెచ్చారు, ఇవ్వకపోతే జైలు. అందరూ అంటే మన రాయచోటి నుంచి, కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు కూడా. పాస్‌పోర్టే తమ చేతిలో ఉంచుకోలేని మనుషులు తమ డీఎన్ఏ ఎక్కడుందని ఎవర్నడుగుతారు? 2017 అక్టోబరులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది. అక్కడి లాయర్లు తమ పౌరుల హక్కులని కొట్లాడారు, ఆ నీడలో మనవాళ్లూ బయటపడ్డారు. ఆయనకిదంతా చెప్తే, “ఆధార్‌కి కళ్లే ఇచ్చాం కదండీ” అన్నాడు. నిజమే, ఇచ్చాం. నా దగ్గర జవాబు లేక టీ తాగేశాను. తర్వాత తట్టింది, నా కంటిపాపని చూసి మా చెల్లెలు ఎవరో చెప్పలేరు కదా.

తాళం ఎవరి దగ్గర

చట్టం కోసం మనం ఎదురుచూస్తున్నది నిన్నా మొన్నా కాదు. డీఎన్ఏ ముసాయిదా 2007 నుంచీ రకరకాల రూపాల్లో నలిగింది. 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లుని స్థాయీ సంఘం చూసి, 2021లో ఇచ్చిన నివేదికలో, ఈ సమాచారంతో ఏదో ఒక కులానికో వర్గానికో నేరాన్ని అంటగట్టే ప్రమాదం ఉందని ప్రస్తావించింది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, అప్పటి సీపీఐ ఎంపీ బినోయ్ విశ్వం అసమ్మతి పత్రాలిచ్చారు. 2023 జూలైలో ప్రభుత్వం బిల్లునే వెనక్కి తీసుకుంది. అప్పుడు చాలామంది హక్కులవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. నాకు అంత హమ్మయ్య అనిపించలేదు. ఆ బిల్లులో ఎన్ని లోపాలున్నా, ఒక నియంత్రణ బోర్డు, తప్పిపోయినవాళ్లకీ నేరస్థులకీ వేర్వేరు జాబితాలు అనే ఆలోచన ఉంది. అది పోయింది, 2022 చట్టం మిగిలింది. అంటే తీసుకునే అధికారం ఉంది, తీసుకున్నాక అడిగే బోర్డు లేదు. 2023 డిజిటల్ డేటా చట్టం అడ్డుపడుతుందా అంటే, పాత ముసాయిదాల్లో జన్యు సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా చూశారు, చివరి చట్టంలో ఆ విభాగమే తీసేశారు. నా డీఎన్ఏకీ నా స్విగ్గీ ఆర్డరుకీ చట్టం దృష్టిలో తేడా లేదన్నమాట.

నాకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. నమూనా దాచేది పోలీసు శాఖ కింద లేని సంస్థ అవ్వాలి. ఎందుకు తీసుకున్నారో దానికే వాడాలి, అది అయిపోయాక గొట్టంలో రక్తం పారబొయ్యాలి, అంకెలు మాత్రమే, అవీ నిజంగా శిక్ష పడినవాళ్లవే ఉంచుకోవాలి. చుట్టాల దారిన వెతకాలంటే ఒక జడ్జి ఒప్పుకోవాలి, అదీ హత్యలాంటి నేరాలకే. కంపెనీ చేతులు మారితే నమూనాలు ఆస్తి కింద అమ్ముడుపోకూడదు. ట్వంటీత్రీ అండ్ మీని చివరికి దాని పాత సీఈఓయే పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ 30 కోట్ల 50 లక్షల డాలర్లకి కొనుక్కుంది, అంతకుముందు ఒక మందుల కంపెనీ 25 కోట్ల 60 లక్షలకి పాడింది. వేలంపాటలో మా నాయనమ్మ వాటా ఎంతో మరి.

అన్నయ్యని తర్వాత అడిగాను, డిలీట్ అయిందా అని. అయిందన్నాడు. కానీ కంపెనీ నిబంధనల్లో ఒక మెలిక ఉందట, ల్యాబు నియమాల ప్రకారం జన్యు సమాచారం, పుట్టినతేదీ, ఆడా మగా అన్నది కొంతకాలం వాళ్ల దగ్గరే ఉంటాయట.

పోయిన నెల బాబాయికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లన్నారు. నేనే తీసుకెళ్లాను. “స్కోలిన్ వద్దండి” అన్నాం అలవాటుగా. మత్తు డాక్టరు కుర్రవాడు, సంతోషపడ్డాడు, మంచిపని చేశారు చెప్పి, ఎలాగూ వచ్చారు కాబట్టి ఎంజైము పరీక్షా, వీలైతే జన్యు పరీక్షా చేయించుకోండి, మీ పిల్లలకి కూడా పనికొస్తుంది అన్నాడు. కాదనడానికి ఏముంది. నర్సు ఫారం తెచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, మిగిలిన నమూనాని పరిశోధనకి వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను అని ఉంది, దాని కింద ఒక గీత. బాబాయి కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత ఫోన్ తీసి పెదనాన్నకి కలిపాడు, స్పీకర్లో. “అన్నయ్యా, ఇక్కడ మన రక్తం గురించి ఏదో అడుగుతున్నారు, నలుగురం పెడదామంటే చోటు ఒక్కడికే ఉంది.” నర్సు టైమ్ చూసుకుంటోంది. అవతల పెదనాన్నకి సరిగ్గా వినపడలేదు, “ఏంటీ, ఎక్కడ పెట్టాలి సంతకం?” అంటున్నాడు.